నాన్న పద్దు పుస్తకాలూ, నా పీహెచ్‌డీ

ఆంత్రోపాలజీ, అంటే మానవశాస్త్రం, చదువుతున్నానంటే మా నెల్లూరులో ఎక్కువమంది అడిగే మాట "సివిల్స్‌కా?" అని. వాళ్ళను అనడానికేమీ లేదు. యూపీఎస్సీ మెయిన్స్‌లో దాన్ని ఆప్షనల్‌గా తీసుకునే తెలుగు పిల్లలు చాలామంది. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో దానికి ప్రత్యేకంగా కోచింగులు కూడా ఉన్నాయి. కానీ ఆ సబ్జెక్టునే నమ్ముకుని, యూనివర్సిటీలో పాఠం చెబుతూ, ఊళ్ళు తిరిగి రాసుకుంటూ బతికేవాళ్ళు ఉంటారంటే మా మేనమామ నమ్మలేదు. "దానికి జీతం ఎవరిస్తారమ్మా?" అన్నాడు. ఆయనకు నమ్మకంగా జవాబు చెప్పే స్థితికి రావడానికి నాకు పదేళ్ళ పైనే పట్టింది.

మాది మైపాడు రోడ్డులో ఒక పల్లె. పెన్న నీళ్ళు పారే వరి నేల. నాన్న రైతు. మా పొలాలకు ఒక యానాది కుటుంబం కాపలా ఉండేది. యానాదులు మా వైపు గిరిజనులు. నెల్లూరు జిల్లాలో కాస్తో కూస్తో భూమి ఉన్న ఇళ్ళలో పుట్టినవాళ్ళకు దీన్ని వివరించి చెప్పక్కర్లేదు. "మా యానాది" అంటారు పెద్దవాళ్ళు, మా గేదె అన్నంత మామూలుగా. రాత్రి నీళ్ళు కట్టేది వాళ్ళు, కోతలప్పుడు కల్లం దగ్గర పడుకునేది వాళ్ళు, గట్లలో ఎలుక బొక్కలు తవ్వేది వాళ్ళు. అరవై ఏళ్ళ మనిషిని నేను ఏడేళ్ళ పిల్లగా పేరు పెట్టి, ఒరే అని పిలిచేదాన్ని. అలా పిలవకూడదని మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు.

తిరుపతిలో ఎంఏ చేరాక మొదట నా చేతికి వచ్చింది పుర్రె. మన దేశంలో ఆంత్రోపాలజీ డిపార్టుమెంట్లలో చాలావాటిలో శరీరాన్ని, సమాజాన్ని, ఆదిమానవుడి రాతి పనిముట్లను కలిపే నేర్పుతారు. కాలిపర్‌తో తల పొడవు, వెడల్పు కొలవడం, వేలిముద్రల్లో సుడులు లెక్కపెట్టడం ప్రాక్టికల్స్. నాకు అవి బాగానే వచ్చాయి కానీ మనసు పట్టలేదు. లైబ్రరీలో ఎడ్గార్ థర్‌స్టన్ ఏడు సంపుటాలు ఉండేవి, 1909లో వచ్చినవి. ఆయన మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు. దక్షిణాది కులాలవాళ్ళ తలలు, ముక్కులు కొలిచి మరీ రాసుకున్న మనిషి. ఆఖరి సంపుటంలో యానాదుల గురించి చాలా పేజీలున్నాయి. 1835లో శ్రీహరికోట దీవి సర్కారు చేతికి వచ్చినప్పటి సంగతులు, మంచి యానాదులు, చల్లా యానాదులు అనే తెగలు, వాళ్ళ ఆచారాలు, మందులు, వేట. అన్నీ చదివాను. మా నాన్నలాంటి రైతు మాత్రం ఆ పేజీల్లో ఎక్కడో అంచున కనబడతాడు.

ఆ తర్వాత చదివింది వెన్నెలకంటి రాఘవయ్య గారి 'ది యానాదీస్', 1962 నాటి పుస్తకం. ఆయన మన జిల్లావారే. స్వాతంత్ర్య సమరంలో ఉన్నారు, యానాదుల సంఘం నడిపారు, కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసిన బ్రిటిష్ కాలపు నేరస్థ జాతుల చట్టాన్ని ఎదిరించి పనిచేశారు. 1973లో పద్మభూషణ్ వచ్చింది. ఆయన యూనివర్సిటీ ఆంత్రోపాలజిస్టు కాదు. కానీ థర్‌స్టన్‌కు కనబడని కోపం ఆ పుస్తకంలో ఉంది, నన్ను ఈ దారిలోకి లాగింది అదేనని నా అభిప్రాయం. నెల్లూరులో ఆయన పేరు తెలిసిన కుర్రవాళ్ళు ఎంతమంది ఉన్నారో మీరే అడిగి చూడండి.

2012లో యూనివర్సిటీలో పాఠం చెప్పడానికి అర్హత పరీక్ష అయిన నెట్ రాసి, జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ తెచ్చుకున్నాను. అప్పట్లో నెలకు 16 వేలు, 2014 డిసెంబరు నుంచి 25 వేలు చేశారు. కాగితం మీద నెలకు అని ఉంటుంది, చేతికి మాత్రం కొన్ని నెలలవి కలిపి వచ్చేవి. ఈ మధ్యలో అప్పు ఇచ్చేవాళ్ళు ఇంట్లో లేకపోతే పీహెచ్‌డీ చేయడం చాలా కష్టం. ఈ రంగంలో ఎవరు మిగులుతున్నారు, ఎవరు సగంలో పోతున్నారు అనే ప్రశ్నకు జవాబులో సగం ఇక్కడే ఉంది.

కోర్స్ వర్క్ ఒక సెమిస్టరు. తర్వాత సినాప్సిస్, అంటే ఏం పరిశోధిస్తామో రాసిచ్చే కాగితం. నా టాపిక్ డెల్టాలో యానాదుల పని, అప్పు, వలస. గైడు సారు పెట్టిన ఒకే షరతు: సొంత ఊళ్ళో వద్దు. ఆయన మాటలో న్యాయముంది. మా శాస్త్రంలో ఫీల్డ్‌వర్క్ అనే పద్ధతిని గట్టిగా నిలబెట్టింది బ్రోనిస్లా మలినోవ్‌స్కీ. పోలండు మనిషి, 1915 నుంచి 1918 మధ్య పసిఫిక్‌లోని ట్రోబ్రియాండ్ దీవుల్లో గుడారం వేసుకుని ఉండి, వాళ్ళ భాష నేర్చి, 1922లో తన పుస్తకం తెచ్చాడు. అప్పటినుంచి మాకు చెప్పే పాఠం ఒకటే: తెలియని చోటికి పో, అక్కడే ఉండు, వాళ్ళతో తిను, రోజూ రాసుకో. ఆ పాఠమంతా బయటినుంచి వచ్చిన పరాయివాడి కోసం రాసింది. దీవిలో దిగినవాడిని "మీ నాయన ఫలానా కదూ" అని అడిగేవాళ్ళు ఉండరు.

అందుకని పెన్న దాటి అవతలికి వెళ్ళాను. విడవలూరు వైపు, సముద్రానికి దగ్గర్లో, కాలువ కట్ట పక్కన ఒక యానాది కాలనీ. పేరు రాయను, థీసిస్‌లోనూ మారుపేరే పెట్టాను. మా పద్ధతి అది. అయినా ఆ వైపు మనిషి ఎవరైనా రెండు పేజీలు చదివితే ఏ కాలనీయో చెప్పేస్తారు. మారుపేర్లు విదేశాల్లో చదివేవాళ్ళ దగ్గర పనిచేస్తాయి, మండలంలో చేయవు.

ఊళ్ళో ఒక ఒంటరి పెద్దావిడ ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాను. రాత్రిళ్ళు కాలనీలో ఉండొద్దని అమ్మ పెట్టిన షరతు. రోజూ స్కూటీ మీద పోయేదాన్ని. ఆ పెద్దావిడ మంచి మనిషి, నాకు చేపల పులుసు వండి పెట్టేది. కాలనీలో టీ తాగుతున్నానని తెలిసిన రోజు మాత్రం, "బయట కాళ్ళు కడుక్కుని లోపలికి రా పాపా" అంది. ఆ తర్వాత అది రోజూ జరిగే పనైపోయింది. నేను వాదించలేదు. రాత్రికి డైరీలో రాసుకున్నాను. ఆవిడ కూడా నా ఫీల్డే అని అర్థమయ్యాక గొడవ పడాలన్న ఆత్రం తగ్గింది.

కాలనీలో మొదటి పని ఇంటింటి లెక్క. ఎవరింట్లో ఎంతమంది, వయసు, చదువు, పని. పుస్తకంలో ఇది సులువైన పని. ఇక్కడ లెక్క నిలవదు. ఈ నెల రాసుకున్న ఇల్లు వచ్చే నెలకు తాళం. సరుగుడు నరకడానికో, సర్కారు తుమ్మ కొట్టి బొగ్గు కాల్చడానికో మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి కుటుంబాన్నంతా తీసుకుపోతాడు. పిల్లలు బడి మానేసి వెంట పోతారు. కొన్ని ఇళ్ళవాళ్ళు రొయ్యల గుంటల కాపలాకు పోయి గట్టు మీదే గుడిసె వేసుకున్నారు. ఇంటికి తాళం పడిందంటే వెళ్ళిపోయారని కాదు, ఉన్నారనీ కాదు. చివరికి పట్టికలో "ఉన్నారు", "లేరు" అనే గళ్ళు తీసేసి, "ఎవరి అడ్వాన్సు మీద, ఎక్కడ" అని రాసుకోవడం మొదలుపెట్టాను. అప్పుడు పట్టిక మాట్లాడింది.

వాళ్ళు నన్ను అడిగినవి రెండే. "కార్డు వస్తాదా పాపా?" అన్నది మొదటిది. రెండోది, "మా పేర్లు రాసుకొని పోతుండావే, ఏం జేసుకుంటావు?" మొదటిదానికి రాదని చెప్పాలి, చెప్పాను. అయినా ఆధార్, రేషన్, కుల ధ్రువపత్రం పనులకు నాతో కాగితాలు రాయించుకునేవాళ్ళు, నేనూ రాసేదాన్ని. దీన్ని కొందరు పరిశోధనలో జోక్యమంటారు. చదువొచ్చిన మనిషి పగలంతా ఎదురుగా కూర్చుని అర్జీ కూడా రాసిపెట్టకపోతే అది శాస్త్రీయత ఎట్లా అవుతుందో నాకు తెలియదు. రెండోదానికి "పుస్తకం రాస్తాను, డాక్టర్ అంటారు నన్ను" అని నిజమే చెప్పాను. ఒక అవ్వ నవ్వి, "సూది వేస్తావా?" అంది.

ఆ అవ్వే నాకు అసలు గురువు. ఎలుక బొక్క ముందు కుండలో గడ్డి కాల్చి పొగ ఊదడం, బొక్కలో ఎలుక దాచుకున్న వడ్లు తవ్వి తీయడం, కాలువలో ఏ నెల ఏ చేప, రొయ్యల గుంటలు వచ్చాక ఉప్పుటేరులో పీతలు పట్టే చోట్లు ఎట్లా పోయాయి, అన్నీ ఆమె చెప్పినవే. వనామీ రొయ్య మన దేశానికి 2009లో వచ్చింది. ఆ అవ్వ లెక్కలో కాలమంతా "టైగరప్పుడు", "వనామీ వచ్చినాక" అనే రెండు ముక్కలు. టైగర్ అంటే వనామీకి ముందు పెంచిన రొయ్య. టైగరుకు జబ్బు తగిలి గుంటలు ఎండిన రోజులు ఆమెకు మంచి రోజులు. అప్పుడు పీతలు మళ్ళీ దొరికాయట. అదే కాలాన్ని మా బంధువులు కొంప మునిగిన ఏడు అంటారు.

ఇక వంశవృక్షాలు. డబ్ల్యూ.హెచ్.ఆర్. రివర్స్ అనే ఆయన 1910లో పద్ధతిగా రాసిపెట్టాడు. ఇప్పుడు మేము వాడే గుర్తుల్లో మగవాడికి త్రిభుజం, ఆడమనిషికి గుండ్రం, పెళ్ళికి రెండు అడ్డగీతలు, చనిపోయినవాళ్ళ మీద ఒక గీత. ఒకరితో మొదలుపెట్టి వాళ్ళకు తెలిసిన బంధువులందరినీ అడుగుతూ పోవాలి. ఇది మగవాళ్ళు చెప్పేదానికంటే ఆడవాళ్ళు చెబితేనే తెగుతుంది. అవ్వ చార్టు గోడంత అయింది. ఒక కొమ్మ సూళ్ళూరుపేట వైపు పోయింది. అక్కడివాళ్ళు ఒకప్పుడు శ్రీహరికోటలో ఉండేవాళ్ళు, 1969లో దీవిని రాకెట్ కేంద్రం కోసం ఎంచుకున్నాక బయటికి వచ్చినవాళ్ళు. 1971 అక్టోబరులో అక్కడినుంచి మొదటి రాకెట్ ఎగిరింది. ఆ కొమ్మలోని పెద్దల పుట్టిన ఊరు చూడాలంటే ఇప్పుడు గేటు పాసు కావాలి.

ఇంకో కొమ్మ పెన్న దాటి ఇవతలికి వచ్చింది. అవ్వ చెల్లెలి మొగుడి అన్న ఎక్కడున్నాడని అడిగాను. ఆమె మా ఊరి పేరు చెప్పింది. ఎవరి దగ్గర కాపలా అంటే మా ఇంటిపేరు చెప్పింది. చెప్పి నా ముఖం వైపు చూసి, "నీకు తెలవదా?" అంది. వాళ్ళకు మొదటి వారంలోనే తెలుసట. నేను కోరి తెచ్చుకున్న దూరం నాకు తప్ప ఎవరికీ కనబడలేదు. నేను అడిగిన ప్రతి ప్రశ్నకూ ఆ ఇంటి పిల్లకు చెప్పదగ్గ జవాబే వచ్చింది అన్నమాట. ముఖ్యంగా రైతుల గురించి. "మంచోళ్ళే పాపా, బాగా చూసుకుంటారు" అని నా నోట్‌బుక్కులో ఎన్నిసార్లు ఉందో.

గైడు సారుకు ఫోన్ చేస్తే ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నది ఇది: "అయితే మీ ఇల్లు కూడా చార్టులో పెట్టు." నేను చేసిన పీహెచ్‌డీ అంతా ఆ ఒక్క వాక్యం నుంచే వచ్చిందనుకుంటాను.

మా ఇంట్లో బీరువా పైఅరలో నాన్నవీ, తాతవీ పద్దు పుస్తకాలు ఉన్నాయి. ఎర్ర గుడ్డ అట్ట, పొడుగాటి పుస్తకాలు. ఇన్నాళ్ళూ అవి నాకు చెదలు పట్టకుండా దులిపే కాగితాలు. అడిగితే నాన్న, "ఏంది పాపా, మన ఇంటి లెక్కలు యూనివర్సిటీలో పెడతావా?" అన్నాడు. ఇవ్వనని మాత్రం అనలేదు. మా ఇద్దరి మధ్య ఒప్పందం: పేరు ఉండదు, ఊరు ఉండదు, రాసింది ముందు ఆయనకు చదివి వినిపించాలి. కాలనీవాళ్ళకు ఏ మాట ఇచ్చానో ఆయనకూ అదే ఇచ్చాను. ఎథిక్స్, అంటే పరిశోధనలో పాటించాల్సిన నీతి, అని క్లాసులో చెప్పేదాన్ని మా వసారాలో కూర్చుని నేర్చుకున్నాను.

పుస్తకాల్లో కాపలా మనిషికి ఒక ఖాతా ఉంది. ఏడాదికి ఇన్ని తూముల వడ్లు జీతం. తూము పుట్టిలో ఒక భాగం, నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు, మిగతా జిల్లాలవాళ్ళతో మాట్లాడేటప్పుడు ఇది ముందే చెప్పుకోవాలి. జీతం కాక మధ్యమధ్యలో అడ్వాన్సులు. పెళ్ళికి, ఆసుపత్రికి, పండక్కి, చావుకు. కోతలయ్యాక అన్నీ తీసేస్తే ఏడాది చివర మిగిలేది ఎప్పుడూ మా వైపే. ఆ నిలువ తర్వాతి పుస్తకం మొదటి పేజీకి పోతుంది. తండ్రి ఖాతా కొడుకు పేరు మీదికి ఎక్కిన చోటు కూడా దొరికింది, నాన్న అందమైన దస్తూరీలో. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. ఆ పేజీ దాని తర్వాతది.

అప్పుడు మా కాపలా పెద్దాయన దగ్గరికి నోట్‌బుక్కుతో వెళ్ళాను. చిన్నప్పుడు ఒరే అన్న మనిషిని ఏమని పిలవాలో తెలియక "పెద్దాయనా" అన్నాను. ఆయన లేచి నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోడు, నేను గట్టు మీద కూర్చుంటే అంతకంటే కింద కూర్చుంటాడు. ఇంటర్వ్యూ అనేదానికి అక్కడ తావే లేదు. ఆయన పని చేస్తుంటే పక్కన నడవడం, మడవ కడుతుంటే చూడడం, అట్లా చాలా రోజులు గడిచాక మాటలు వచ్చాయి. రాత్రి కాపలా చూడాలంటే రాత్రి ఉండాలి. అమ్మ పెట్టిన షరతు అక్కడ పోయింది, ఆమెకూ చెప్పే పోయింది. ఆయన భార్య కల్లంలో నాకు తోడు పడుకుంది.

ఆయనకు చదువు రాదు. కానీ తీసుకున్న ప్రతి అడ్వాన్సూ గుర్తుంది. కూతురు పెళ్ళికి ఎంత, పాము కరిచినప్పుడు ఎంత. నేను ఇంటికొచ్చి పద్దులో చూస్తే చాలావరకు సరిపోయేవి. మా నాన్న దొంగ లెక్క రాయలేదు. ఇది రాయడం నాకు ముఖ్యం, ఎందుకంటే దొంగ లెక్క ఉంటేనే దోపిడీ అని చాలామంది అనుకుంటారు. తేడా మరోచోట ఉంది. ఆయన జ్ఞాపకంలో ఉన్నవి, పద్దులో లేనివి: రాత్రులు. వానలో గండి పూడ్చిన రాత్రులు, వడ్ల కుప్ప దగ్గర పాములతో పడుకున్న రాత్రులు. భార్య మా ఇంటి వాకిలి ఊడ్చిన తెల్లవారుజాములు, ఇరవై ఏళ్ళకు పైగా. వాటికి పద్దులో గడే లేదు. ఇచ్చిందంతా రాశారు, తీసుకున్నదాంట్లో సగమే రాశారు. థీసిస్‌లో నాలుగో అధ్యాయం మొత్తం ఈ రెండు లెక్కలను పక్కపక్కన పెట్టడమే.

2015 నవంబరు వానలకు జిల్లా అంతా నీళ్ళయింది. కాలనీలో గుడిసెలు మునిగాయి, జనం బడిలో ఉన్నారు. నేను అద్దె గదిలో నోట్‌బుక్కులను యూరియా సంచిలో చుట్టి అటక మీద పెట్టాను. మా రంగంలో అందరికీ తెలిసిన కథ ఒకటుంది. 1970 ఏప్రిల్‌లో సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఉండగా ఆఫీసుకు నిప్పు పెట్టారు, ఆయన మైసూరు పల్లె మీద ఏళ్ళ తరబడి తయారు చేసుకున్న నోట్సు కాలిపోయింది. తర్వాత జ్ఞాపకం మీదే ఆ ఊరి గురించి పుస్తకం రాసి 1976లో తెచ్చారు. నాకంత జ్ఞాపకశక్తి లేదు కాబట్టి యూరియా సంచి. ఆ తర్వాత ప్రతి పేజీ ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకునేదాన్ని.

రాయడం గురించి ఎక్కువ చెప్పను. ఫీల్డ్‌లో తెలుగులో విన్నదాన్ని ఇంగ్లీషులో రాస్తుంటే మనుషులు చదునైపోతారు, ఎవరికైనా అంతే. అప్పట్లో థీసిస్ సబ్‌మిట్ చేసే ముందు పరిశోధన పత్రం అచ్చు కావాల్సి ఉండేది. నాది అచ్చయిన పత్రిక 2018 మేలో యూనివర్సిటీల నియంత్రణ సంస్థ యూజీసీ తన జాబితా నుంచి ఒక్కసారిగా తీసేసిన 4,305 పత్రికల్లో ఒకటి. మళ్ళీ మరోచోట వేయించుకున్నాను. అదే ఏడాది కాపీ పరీక్షకు కొత్త నిబంధనలు వచ్చాయి, పోలికలు పది శాతం లోపు ఉండాలి. సాఫ్ట్‌వేర్ నా థీసిస్‌లో కాపీ అని పట్టుకున్నది ఎక్కువగా నా పత్రంలోంచే. అదో టెన్షన్.

నాన్నకు చదివి వినిపించింది సబ్‌మిషన్‌కు ముందు. నాలుగో అధ్యాయం తెలుగులో చెప్పుకుంటూ పోయాను. ఆయన మధ్యలో ఆపలేదు. అయ్యాక, "1989 గాలివానకు మన పంటంతా పోయింది. ఆ ఏడు కూడా వాడికి వడ్లు కొలిచినా. అది రాయలేదే?" అన్నాడు. కావలి తుఫాను అది. పద్దులో చూస్తే నిజమే, కొలిచాడు, ఆ వడ్లు కొనుక్కొచ్చి మరీ. అది చేర్చాను. "నేనియ్యకుంటే ఎవరిచ్చేవాళ్ళు?" అని కూడా అన్నాడు. అదీ చేర్చాను, ఆ ప్రశ్నను ప్రశ్నగానే. ఆ మాటకు పూర్తి జవాబు నా దగ్గర ఇప్పటికీ లేదు. ఇచ్చేవాడు ఒక్కడే ఉండడమే అసలు కిటుకని పుస్తకాలు చెబుతాయి, నేనూ అదే రాశాను. వసారాలో ఆయన ముందు కూర్చుని ఆ వాక్యం చదవడం వేరే పని. వైవాలో, అంటే థీసిస్ మీద మౌఖిక పరీక్షలో, ఎగ్జామినర్ అడిగిన మొదటి ప్రశ్న, "మీ నాన్నగారు ఇది విన్నారా?" అని. విన్నారన్నాను. ఆ తర్వాత పదిహేను నిమిషాల్లో అయిపోయింది.

2019లో డాక్టరేట్ చేతికొచ్చింది, ఉద్యోగం రాలేదు. కొన్నాళ్ళు గెస్ట్ ఫ్యాకల్టీ, క్లాసుకు ఇంత అని లెక్క, సెలవుల్లో సున్నా. ఎక్కడ పనిచేశానో అనవసరం, అన్నిచోట్లా అంతే. మా కాపలా పెద్దాయన జీతానికైనా ఏడాది చివర ఒక లెక్క ఉండేది అనుకున్న రోజులున్నాయి. నన్ను నిలబెట్టినవి రెండు. ఒకటి, 2013 భూసేకరణ చట్టం. దాని ప్రకారం భూమి తీసుకునే ముందు సామాజిక ప్రభావ అంచనా చేయాలి, ఆ సర్వేలకు మావాళ్ళను పిలుస్తారు. ఒక నివేదికలో కౌలుదార్ల పక్కన భూమి లేని కాపలా కుటుంబాలకు ప్రత్యేకంగా ఒక పట్టిక పెట్టాను. పిలిచినవాళ్ళకు అది నచ్చలేదు. మరోసారి పిలవలేదు. రెండోది, నవ్వకండి, అశోక్‌నగర్. సివిల్స్ పిల్లలకు ఆంత్రోపాలజీ ఆప్షనల్ చెప్పాను. మా మేనమామ అడిగిన జీతం మొదట ఇచ్చింది వాళ్ళే. మలినోవ్‌స్కీ మీద పది మార్కుల జవాబు ఎట్లా రాయాలో నాకంటే వాళ్ళకే బాగా తెలుసు.

తర్వాత పక్క రాష్ట్రంలో ఒక యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా వచ్చింది. మూల వేతనం 57,700తో మొదలు, వారానికి పదహారు గంటల పాఠం, మిగతా టైమంతా కమిటీలు, ఫైళ్ళు, ప్రమోషన్ పాయింట్లు. ఫీల్డ్ అంటే ఇప్పుడు వేసవి సెలవులే. ఈ ఉద్యోగంలోకి రావాలనుకునే పిల్లలకు నేను చెప్పేది: నెట్‌తో పాటు అలాంటిదే మీ రాష్ట్రం పెట్టే సెట్ పరీక్ష కూడా రాసి పెట్టుకోండి, ఆంత్రొపలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా, గిరిజన పరిశోధన సంస్థల నోటిఫికేషన్లు చూస్తూ ఉండండి, యూనివర్సిటీ పోస్టు ఒక్కదాని మీదే కూర్చోవద్దు. ఇంట్లో వెనక్కి తిరిగి చూసుకోవడానికి భూమో, జీతమో లేనివాళ్ళకు ఈ మాటలు సరిపోవని కూడా నాకు తెలుసు.

కాలనీకి నేను తిరిగి ఇచ్చింది వంశవృక్షాలే. లామినేట్ చేయించి ఇంటికొకటి ఇచ్చాను, తెలుగులో పేర్లు రాసి. అవ్వ అప్పటికి పోయింది, ఆమె గుండ్రం మీద గీత నేనే పెట్టాను. ఆమె మనవడు దాన్ని కుల ధ్రువపత్రం కోసం పట్టుకుపోయాడు, బంధువులెవరో రుజువు చూపమన్నారని. కౌంటర్‌లో ఉన్నాయన ఆ త్రిభుజాలు, గుండ్రాలు చూసి "ఇదేం లెక్కలు?" అన్నాడట. కుర్రవాడు దగ్గర కూర్చుని ఏ బొమ్మ ఎవరో అంతా వివరించాడట. ధ్రువపత్రం వచ్చింది, చార్టు వల్లనో, చార్టులో కనబడిన బాబాయికి అప్పటికే ధ్రువపత్రం ఉండడం వల్లనో చెప్పలేను.

ఈ వేసవి నుంచి రొయ్యల గుంటల మీద మొదలుపెడుతున్నాను. గట్టు మీద కాపలా గుడిసెల్లో ఉండే కుటుంబాలు, గుంటల యజమానులు, మేత ఇచ్చి పంట కొనే డీలర్లు, ముగ్గురి లెక్కలూ. యజమానుల్లో మా పెదనాన్న కొడుకు కూడా ఉన్నాడు. అతని లెక్కలు పుస్తకంలో ఉండవు, ఫోన్‌లో ఉంటాయి, అది ఎట్లా అడగాలో ఇంకా తేలలేదు. ఎథిక్స్ కమిటీ ఫారంలో "పరిశోధకురాలికి పాల్గొనేవారితో ఏదైనా సంబంధం ఉందా" అనే గడి ఉంటుంది. దానికిచ్చిన రెండు గీతల జాగా చాలక, వేరే కాగితం జతచేశాను.